చువ్వ దిగినంత లోతు

వాన లేని 97వ రోజు

ఈ రోజు సగటు లోతు ముప్పై ఎనిమిది సెంటీమీటర్లు. నిన్నటికంటే అర సెంటీమీటరు ఎక్కువ. నీడ మండలి నుంచి వెంటనే సందేశం వచ్చింది: "అభినందనలు. మీ అడవి గాలిలోని కార్బన్‌ను సమర్థంగా దాచుకుంటున్నది."

అడవి దాచుకోవడం లేదు, రాల్చుకుంటోంది. ఎండకు తాళలేక ఉన్న ఆకులన్నీ వదిలేసుకుంటోంది. ఆ మాట రాయడానికి మండలి పట్టికలో గడి లేదు. అందుకే ఈ సొంత పుస్తకం మొదలుపెట్టాను.

ఎవరైనా ఎప్పుడైనా చదివితే తెలియాలి కదా, నా పేరు వినోద. ఏడుగుట్టల అడవికి కొలతగత్తెను. రోజూ పొద్దున ఆరింటికి బయలుదేరి నలభై చోట్ల నేల మీది ఆకుపొరలో ఇనప చువ్వ గుచ్చుతాను. చువ్వ ఎంత లోతు దిగితే అంత లెక్క. ఆ అంకె దానంతటదే మండలికి వెళ్లిపోతుంది. నా పని గుచ్చడం, పీకడం. పెద్ద చదువే చదివాను ఈ పనికి.

ఇరవై రెండేళ్ల క్రితం నీడ ఒప్పందం జరిగింది. లోకంలోని పొగనంతా అడవులే తాగాలని, అడవుల్లో మనుషులుంటే తాగనివ్వరని తేల్చి, ఊళ్లను కిందికి దింపి గేట్లు వేశారు. లెక్క చూడ్డానికి నీడ మండలిని పెట్టారు. మొదట్లో మానుల చుట్టుకొలత కొలిచేవాళ్లట. తొమ్మిదేళ్ల క్రితం, నేను ఉద్యోగంలో చేరిన ఏడే, వేడికి మానులు లావెక్కడం ఆగిపోయింది. మండలి బాగా ఆలోచించింది. మానులు కొలవడం మానేసి ఆకులు కొలవడం మొదలుపెట్టింది. అప్పటినుంచి అంకెలు పెరుగుతూనే ఉన్నాయి.

కింద గోదారి ఒడ్డున మా గట్టుపల్లి పట్నం ఉంది. అడవి లోతును బట్టే పట్నానికి చల్లగంటలు, అంటే రోజుకు ఎన్ని గంటలు చల్లయంత్రాలు నడుపుకోవచ్చో ఆ అనుమతి. లోతు ముప్పై అయిదు దాటి ఉంటే ఇరవై నాలుగు గంటలు. అంతకు తగ్గితే ఇరవై. ముప్పైకి దిగితే పదహారు. ఇల్లయినా, బడయినా, ఆస్పత్రయినా అందరికీ ఒకటే.

ఆ ఆస్పత్రి చల్లవార్డులో నా చెల్లెలు రజిత కూతురు ఉంది. ఏడో నెలలోనే పుట్టేసింది. పుట్టి వారమైంది, బరువు కిలో ఇరవై గ్రాములు. రెండున్నర కిలోలు వచ్చేదాకా బయటి వేడి తగలకూడదన్నారు డాక్టర్లు. బయట పుష్యమాసంలోనే నలభై డిగ్రీలు. పేరు ఇంకా పెట్టలేదు. నేను గింజ అంటున్నాను.

వాన లేని 99వ రోజు

ఎర్రమ్మవ్వ ఈ రోజు వచ్చీ రాగానే చీపురు మూలకు విసిరి గడప మీద కూర్చుంది.

ఈ కొలత కేంద్రం ఊడ్చే పని ఆమెది. డెబ్బై మూడేళ్లు. కోయవాళ్ల ఆడపడుచు. కేంద్రం కట్టిన ఈ బండ పక్కనే వాళ్ల ఊరు ఉండేది. ఊరిని దింపేశాక ఊడ్చే మనిషిగా మాత్రం లోపలికి రానిస్తున్నారు. రోజూ నాలుగు కిలోమీటర్లు ఎక్కి వస్తుంది. ముందు నన్ను తిడుతుంది, తర్వాత గది ఊడుస్తుంది.

"బిడ్డా, నీ తూనీగలను ఓ రెండు గంటలు పండవెట్టరాదు?" అంది.

తూనీగలంటే అరచేయంత కాపలా యంత్రాలు. అడవి మీద తిరుగుతూ ఎక్కడ పొగ లేచినా గుంపుగా దిగి తెల్లటి నురగ చల్లుతాయి. ఒకసారి ఎర్రమ్మవ్వ చుట్ట మీద చల్లాయి, చుట్ట ఆమె నోట్లో ఉండగానే. సాయంత్రం దాకా నురగ మీసాలతో తిరిగి మండలి ఏడు తరాలనూ తిట్టిపోసింది.

"ఎందుకవ్వా?"

"ఇప్పచెట్ల కింద నిప్పు వెడ్త."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"నవ్వకు. మేం ఏటేటా వెడ్తుంటిమి. మాఘం సొచ్చేముందు, పొద్దుగాల మంచు వడి ఆకు మెత్తగుంటది సూడు, గప్పుడు. నిప్పు లేవదు. చీమ నడ్సినట్టు నడుస్తది. ఆడోళ్లం పచ్చిమండలు వట్టుకొని దాని ఎన్కాలనే నడుస్తుంటిమి. తోక జాడిస్తె కొట్టి పండవెడ్తుంటిమి. పువ్వు ఏరుకునేతందుకు నేల సాఫయితుండె. అడివి సుత బతుకుతుండె. ఏటా గింత కాలవెడ్తె పెద్దగ కాలకపోతుండె. ఇప్పుడు సూడు, మోకాలు మునుగుతున్నది. ఇరువై రెండేండ్ల ఆకు. ఓ మెరుపు వడ్డదంటె ఏం మిగుల్తది?"

ఆమె చెప్పింది నిజమని నాకు తెలుసు. నెలకోసారి తూనీగలను రెండు గంటలు దింపి తుడుచుకునే అధికారం నాకుంది, దాన్ని మరమ్మతు విరామం అంటారు. అదీ తెలుసు. కానీ ఎర్రమ్మవ్వ చెప్పినట్టు గీతలు గీతలుగా కాలిస్తే సగటు లోతు ముప్పై మూడుకు దిగుతుంది. చల్లగంటలు ఇరవై అవుతాయి. రోజుకు నాలుగు గంటలు వార్డులో యంత్రం ఆగిపోతుంది. ఆ నాలుగు గంటలు కిలో బరువున్న పిల్ల ఎట్లా బతుకుతుంది?

"రాసి అడుగుత అవ్వా. పర్మిషన్ ఇస్తరు."

"రాసి అడిగితె మంచు ఆగుతదా?"

రాసి అడిగాను. లోతు తగ్గినా ఈ వేసవికి గంటలు తగ్గించవద్దని కూడా బతిమాలుతూ రాశాను. రసీదు వచ్చింది: "మీ విన్నపం అందినది. నలభై రోజులలో పరిశీలించబడును."

వాన లేని 112వ రోజు

గోదారి అవతల కోటదిబ్బ అడవి నిన్న కాలింది. పొద్దున్నే సన్నగా మొదలైన పొగ మధ్యాహ్నానికి కొండంత అయింది. మా తూనీగలు గోదారి ఒడ్డు దాకా వెళ్లి, హద్దు దాటే హుకుం లేదు కాబట్టి అక్కడే గుండ్రంగా తిరిగి వచ్చాయి.

ఎర్రమ్మవ్వ బండ మీద నిలబడి చూస్తూ మండలిని తిట్టడం కూడా మరిచిపోయింది. తిట్టకపోతే ఆమెను చూడ్డానికే భయమేసింది.

ఈ రోజు సాయంత్రం మండలి పట్టిక వచ్చింది. రెండు వందల పన్నెండు అడవుల లోతులు రోజూ అందులో ఉంటాయి. కోటదిబ్బ ఎదురుగా ముప్పై ఆరున్నర అని ఉంది. నిన్నటికంటే పావు సెంటీమీటరు ఎక్కువట.

కోటదిబ్బ కొలతగాడు దామోదర్. శిక్షణలో నాతోపాటు ఉన్నాడు, నెమ్మదస్తుడు, అన్నం తినేటప్పుడు కూడా సారీ చెప్పే రకం. నాకు ఒళ్లు మండిపోయింది. తొమ్మిదేళ్లలో నేను ఒక్క అంకె తప్పు పంపలేదు. చువ్వ రాయికి తగిలి ఆగినా ఆ రెండు సెంటీమీటర్లే పంపి తిట్లు తిన్నాను. అతనికి సందేశం రాశాను: "నీ అడవి కాలడం కళ్లారా చూశాను. అబద్ధపు లోతు పంపిన చెయ్యి విరిగిపోవాలి. సిగ్గుండాలి."

జవాబు రాలేదు. ఏముంటుంది చెప్పడానికి, అనుకున్నాను.

గింజ కిలో రెండు వందల ఎనభై. రజిత ఫోన్లో పిల్ల చెయ్యి చూపించింది. వేలి గోరు ఆవగింజంత కూడా లేదు.

వాన లేని 121వ రోజు

కోటదిబ్బ పొగ కళ్లలోంచి పోవడం లేదు. ఎవరి అనుమతీ లేకుండానే తూనీగలను దింపేస్తానని ఈ రోజు నిర్ణయించుకున్నాను. గంటలు ఇరవైకి తగ్గితే తగ్గాయి, ఆ నాలుగు గంటలు రజిత తడిగుడ్డలతో ఎట్లాగో కాచుకుంటుంది, అడవే పోతే అసలు గంటలే ఉండవు అని రాత్రంతా నాకు నేనే చెప్పుకున్నాను. పొద్దున ఎర్రమ్మవ్వ రాగానే చెప్పాను.

ఆమె సంతోషిస్తుందనుకున్నాను. మెట్లు దిగి, చెట్ల కింద వంగి గుప్పెడు ఆకు తీసింది. పిడికిలి బిగించి విప్పింది. అరచేతిలో పొడి ఉంది.

"మంచు వోయి ఎనిమిది రోజులాయె. ఇగ పొద్దుగాల సుత తడి లేదు. ఇప్పుడు వెడ్తె నడ్వది బిడ్డా, ఉరుకుతది. నేనైతె అగ్గిపుల్ల గియ్య. నువ్వు గీసినా చెయ్యి వట్టుకుంట."

"మరేం జేద్దాం?"

"ఏం లేదు. వాన కోసం జూసుడే." చేతులు దులుపుకుని, "నాడు నువ్వు ఊఁ అంటె అయిపోతుండె గదా," అంది. ఆ మాట అనకపోతే బాగుండేది. అన్నా తప్పులేదు.

ఆ రోజు నేను ఊఁ అనలేదు. కాగితం రాశాను. కాగితం రాయడమంటే పని చేసినట్టే ఉంటుంది మాలాంటి వాళ్లకు. ఎనిమిది రోజుల కింద మంచు ఉన్నప్పుడు నేను రసీదు చూసుకుంటూ కూర్చున్నాను.

వాన లేని 129వ రోజు

నలభై నాలుగు డిగ్రీలు. లోతు ముప్పై తొమ్మిదిన్నర. అభినందనలు వచ్చాయి.

అడవిలో నడుస్తుంటే అప్పడాల మీద నడిచినట్టు చప్పుడు. నా అడుగులు నాకే భయంగా ఉన్నాయి. చువ్వ రాయికి తగిలితే నిప్పురవ్వ లేస్తుందేమోనని కొనకు తడిగుడ్డ చుట్టి గుచ్చుతున్నాను. అందువల్ల నాలుగైదు మిల్లీమీటర్లు తక్కువ చూపిస్తే చూపించనీ.

గింజ కిలో ఆరు వందల అరవై.

వాన లేని 138వ రోజు

అనుమతి వచ్చింది.

మాటకు మాట ఇక్కడ రాస్తున్నాను, రేపు నేనే నమ్మలేను కాబట్టి: "99వ రోజు నాటి మీ విన్నపం మంజూరు చేయడమైనది. 141వ రోజు మధ్యాహ్నం పన్నెండు గంటలకు మండలి తూనీగలు ఏడుగుట్టల అడవిలో పది మీటర్ల వెడల్పు గీతలుగా ఆకుపొరను కాల్చును. ఆకు సంపూర్ణంగా కాలుటకై గాలిలో తేమ అతి తక్కువగా ఉండు వేళ ఎంపిక చేయబడినది. మీ ముందుచూపునకు ధన్యవాదాలు."

నా ముందుచూపు! చదివి నవ్వొచ్చింది.

వెంటనే రద్దు కోరుతూ రాశాను. రసీదు వచ్చింది: "మీ విన్నపం అందినది. నలభై రోజులలో పరిశీలించబడును."

వాన లేని 139వ రోజు

మూడు గంటలు ప్రయత్నిస్తే మండలిలో ఒక మనిషి గొంతు దొరికింది. చిన్నపిల్ల గొంతు, కోనసీమ వైపు మాట.

"మేడమ్, రద్దు కూడా విన్నపమేనండీ. వరస ప్రకారం వస్తుందండీ."

"నలభై రోజులైనంక రద్దు చెయ్యడానికి ఏం ఉంటదమ్మా? ఎల్లుండి మధ్యాహ్నం పెడ్తున్నరు. నలభై అయిదు డిగ్రీల ఎండ. గీతలు గీతలుగ కాల్తదా అది? మొత్తం పోతది."

"అది నిజవేనండీ."

"మరి ఆపు తల్లీ."

"ఆపడానికి నా దగ్గిర ఏవీ లేదండీ. మంజూరైన కాయితం మేం తెరిచి చూడగలం అంతే. మా పైవాళ్లకీ అంతేనండీ. ఎవరి దగ్గిర ఉందో నిజంగా నాకు తెలీదు మేడమ్. చేరి ఆర్నెల్లే అయింది."

నేను గింజ సంగతి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, ఆ పిల్ల ఏం చేయగలదని.

"అయ్యో," అంది. ఫోన్ మాత్రం పెట్టేయలేదు. నేనూ పెట్టేయలేదు. ఆమె వెనక ఎవరో టీ తాగుతావా అని అడుగుతున్నారు.

వాన లేని 140వ రోజు

"ఒక్క చెట్టన్న దక్కించుకుందం," అంది ఎర్రమ్మవ్వ.

బండకు ఆనుకుని ఒక ఇప్పచెట్టు ఉంది. ఇద్దరం చేతులు కలిపినా అందనంత లావు మాను. వాళ్ల ఊరు ఉన్నప్పుడు ఆ చెట్టు కింది పువ్వు ఆమె పుట్టింటివాళ్లదట. ఒక వైపు ఉత్త బండ, మూడు వైపులా ఆకు. దాని చుట్టూ ఇరవై అడుగుల దాకా నేల కనిపించేట్టు ఊడ్చాలని నిర్ణయించాం.

ఇరవై రెండేళ్ల ఆకు ఇరవై రెండు పొరలుగా ఉంది. పైన గలగల, కింద నల్లటి ముద్ద. ఊడ్చింది పక్కకు తోస్తే అదే అంటుకుంటుందని ఎర్రమ్మవ్వ ఒప్పుకోలేదు. గంపలకెత్తి, మోసి, కేంద్రం వెనకున్న రాతి కొట్టుగదిలో పోశాం. పొద్దున ఆరింటి నుంచి సాయంత్రం ఆరు దాకా. గది నడుం లోతు నిండి తలుపు వేయడం కష్టమైంది.

నా అరచేతులు బొబ్బలెక్కాయి. ఆమె చేతులకు ఏమీ కాలేదు.

"చదువుకున్న చేతులు గదా," అంది. నలభై రోజుల తర్వాత మొదటిసారి నన్ను ఎగతాళి చేసింది. ఏడుపొచ్చింది నాకు.

వాన లేని 141వ రోజు

నేను చేసింది కూడా రాయాలి. దాచను.

పదకొండున్నరకు మరమ్మతు విరామం నొక్కాను. తూనీగలు నేల మీద ఉంటే నిప్పు పెట్టలేవు కదా అనుకున్నాను. రెండు గంటలైనా ఆలస్యమైతే ఏదో ఒకటి తోస్తుందని ఆశ. అన్నీ వచ్చి వాటి గూళ్లలో కూర్చున్నాయి. తలుపు మూసి రాయి పెట్టాను.

సరిగ్గా పన్నెండింటికి పట్నం వైపు నుంచి వేరే తూనీగలు వచ్చాయి. ఎర్రవి, ఎన్నడూ చూడలేదు. నా వాటితో వాటికి సంబంధమే లేదు. గుట్ట పొడవునా గీత గీసినట్టు నిప్పు చుక్కలు వదిలి వెళ్లిపోయాయి.

నిప్పు గీత మీద నిమిషం కూడా నిలబడలేదు. నేను ఉరికి వెళ్లి రాయి తీసి తలుపు తెరిచాను. నా తూనీగలు కదలలేదు. ఒకసారి విరామం నొక్కితే రెండు గంటలు కదలవు. ఆర్పడానికి ఉన్న ఆ కొన్నింటినీ నా చేతులతో నేనే కూర్చోబెట్టాను. ఒక్కొక్కదాన్ని చేత్తో పట్టుకుని ఊపాను, నేలకేసి కొట్టాను. ఎర్రమ్మవ్వ వచ్చి నా జబ్బ పట్టి బండ మీదికి లాక్కెళ్లింది.

నీళ్లతొట్టిలో గోనెసంచులు తడిపి కప్పుకుని కూర్చున్నాం. అడవి కాలితే మంట చప్పుడు కాదు వచ్చేది, రైలు వచ్చినట్టుంటుంది. కొండముచ్చులు బండ మీదికి వచ్చాయి. ఒక కణుజు దుప్పి వచ్చి మాకు నాలుగడుగుల దూరంలో నిలబడింది, మమ్మల్ని చూసి భయపడే ఓపిక కూడా లేదు దానికి. ఎర్రమ్మవ్వ కోయభాషలో ఏదో అంటూ ఉంది. చెట్ల పేర్లు. ఒక్కొక్క దిక్కుకు తిరిగి ఆ దిక్కున ఉన్న చెట్ల పేర్లు చెబుతోంది.

ఒంటిగంటన్నరకు నా తూనీగలు లేచాయి. అంత మంట మీద వాటి నురగ ఏమూలకు? చాలావరకు మంటలోనే రాలిపోయాయి.

సాయంత్రం సందేశం: "మంజూరైన పని విజయవంతంగా పూర్తయినది."

వాన లేని 142వ రోజు

ఆరింటికి చువ్వ పట్టుకుని వెళ్లాను. వేరే ఏం చేయాలో తెలియదు. నలభై చోట్లా గుచ్చాను. బూడిద కింద నేల గట్టిగా తగిలింది. సున్నా. సున్నా. నలభై సున్నాలు.

ఇక పట్నానికి చల్లగంటలు ఆగిపోతాయి. గింజ ఇంకా రెండు కిలోలు కూడా కాలేదు. కొండమీది నుంచి పట్నం వైపు చూస్తూ రజితకు ఫోన్ చేయడానికి ధైర్యం చాలక కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా ఏమీ జరగలేదు. తర్వాత మండలి సందేశం వచ్చింది: "మీ చువ్వలో లోపం గుర్తించబడినది. ఒక్క రోజులో ఇంత తగ్గుదల సాధ్యం కాదు. కొత్త చువ్వ పంపబడును. అంతవరకు మీ పాత సగటు ముప్పై తొమ్మిదిన్నర కొనసాగును. అసౌకర్యానికి చింతిస్తున్నాము."

మండలికి కళ్లు లేవు, చువ్వ ఒక్కటే ఉంది. దాన్ని కూడా నమ్మడం లేదు.

"అడవి కాలింది, చువ్వ బాగానే ఉంది" అని రాయడానికి కూర్చున్నాను. తొమ్మిదేళ్ల అలవాటు. సగం రాశాను కూడా. రజిత ఫోన్ చేసింది. "అక్కా, ఇయ్యాల పాలు మొత్తం తాగింది. కిలో తొమ్మిది వందల నలభై! మీ దిక్కు ఏందో పొగ కనవడ్డదట, నువ్వు బాగనే ఉన్నవ్ గదా?"

"బాగనే ఉన్న," అన్నాను. రాసింది చెరిపేశాను.

వాన లేని 152వ రోజు

ఇప్పచెట్టు బతికింది. ఒక పక్క బెరడు మాడింది కానీ తెల్లవారుజామున పువ్వు రాలుస్తోంది. ఏడు గుట్టల్లో పచ్చిగా వాసనొచ్చేది అదొక్కటే. ఎర్రమ్మవ్వ రోజూ చీకటితోనే ఎక్కి వచ్చి ఏరుకుంటోంది. గుప్పెడు నాకూ ఇచ్చింది. తియ్యగా ఉంది, పొగ వాసన వేసింది.

"ఊరంత ఏరితె తెగకపోతుండె. ఇప్పుడు ఒక్కదాన్ని ఏరుత, ఒక్క చెట్టు," అంది. వాళ్ల పండగ ముందు పువ్వు తినకూడదట. పండగ చేయడానికి ఊళ్లో ఎవరూ మిగలలేదు కాబట్టి తినేస్తున్నానంది. అది తప్పవుతుందా అని నన్ను అడిగింది. నన్నా అడగడం!

ఆమె నన్ను ఇంకా క్షమించలేదు. క్షమించనక్కర్లేదు కూడా. కానీ పువ్వు ఇస్తోంది.

గింజ రెండు కిలోల నూట యాభై.

వాన లేని 160వ రోజు

కొత్త చువ్వ వచ్చింది. మెరుస్తోంది. దాని వెంట వచ్చిన కాగితంలో ఇట్లా ఉంది: "ఈ రోజు సూర్యాస్తమయంలోగా నలభై కొలతలు పంపవలెను. లేనిచో చల్లగంటలు నిలిపివేయబడును."

గింజ రెండు కిలోల మూడు వందల ముప్పై. ఇంకా నూట డెబ్బై గ్రాములు కావాలి. రోజుకు ఇరవై చొప్పున పెరుగుతోంది. ఎనిమిది, తొమ్మిది రోజులు. అంతే, ఎక్కువ అడగడం లేదు.

బూడిద మీద నిలబడ్డాను చువ్వ పట్టుకుని. గాలికి బూడిద లేచి కాళ్లు మోకాళ్ల దాకా తెల్లబడ్డాయి. ఎక్కడ గుచ్చినా సున్నానే. మధ్యాహ్నమైంది. మూడైంది. ఎర్రమ్మవ్వ గడప మీద కూర్చుని నన్నే చూస్తోంది.

"బిడ్డా," అంది చివరికి, "కొట్టుగదిల ఉన్నది గదా ఆకు."

నాకు అర్థం కావడానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక, వద్దు అనబోయి గింజ బరువు గుర్తొచ్చి ఆగాను.

తలుపు తీసి లోపలికి వెళ్లాను. నడుం లోతు కుప్ప ఈ ఇరవై రోజుల్లో అణిగి మోకాలి దాకా దిగింది. కొట్టుగదిలో నలభై సార్లు గుచ్చాను. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. గోడ దగ్గర నలభై రెండు. పొడిచినకొద్దీ కుప్ప నలిగి కుంగుతోంటే ఎర్రమ్మవ్వ చీపురు తీసుకుని ఆకును మళ్లీ గుల్ల చేసింది. ఇరవై రెండేళ్లుగా ఆమె ఇక్కడ ఊడ్చిన ఊడ్పులన్నింటిలో అదొక్కటే మండలికి పనికొచ్చింది.

సగటు ముప్పై తొమ్మిది. అభినందనలు వచ్చాయి.

వాన లేని 161వ రోజు

పొద్దున ఆరింటికి కొట్టుగదిలోనే పని ముగించుకుని, సాయంత్రం గోదారి ఒడ్డు దాకా నడిచి వెళ్లాను. నలభై తొమ్మిది రోజుల కింద దామోదర్‌కు పంపిన సందేశం తీసి చూసుకున్నాను. చెయ్యి విరిగిపోవాలి అని రాసి ఉంది. ఆ చెయ్యి నొప్పిగా ఉంది నాకు, రెండు రోజులుగా గుచ్చి గుచ్చి.

దాని కిందే రాశాను: "నీ దగ్గర ఇంకా ఎంత ఆకు ఉంది?"

ఇంతకాలం జవాబివ్వని మనిషి నిమిషంలో ఇచ్చాడు: "పది రోజులకు వస్తుంది. తర్వాత వరిగడ్డి కలుపుతాను. మీవాళ్లు ఎవరున్నారు వార్డులో?"

"చెల్లె బిడ్డ. మీవాళ్లు?"

"మా నాయన. ఊపిరి అందదు. సారీ వినోదా."

అతనెందుకు సారీ చెప్పాలి? నేను చెప్పాలి. రాసేలోపు సాయంత్రపు పట్టిక వచ్చేసింది. ఈసారి పైన పెద్ద అక్షరాలతో ఒక వాక్యం కూడా ఉంది: "రెండు వందల పన్నెండు అడవులలో ఒక్కదానిలోనూ లోతు తగ్గలేదు. ఇది చరిత్రలో మొదటిసారి."

పట్టిక పైనుంచి కింది దాకా చదివాను, ఒక్కొక్క పేరూ. తర్వాత తలెత్తి చూశాను. గోదారి అవతల కోటదిబ్బ నల్లగా ఉంది. దాని వెనకున్న కొండా నల్లగానే ఉంది. ఆ వెనకదీ అంతే. ఇన్నాళ్లూ అది నీడ అనుకున్నాను.

గింజ రెండు కిలోల మూడు వందల యాభై. రేపు పొద్దున ఆరింటికి మళ్లీ కొట్టుగది తలుపు తీయాలి.